రేకు బొమ్మ రైళ్ల ప్రోటోటైప్‌లు, పైలట్ మోడళ్లు: గుర్తించడం, కొనడం, కాపాడుకోవడం

రేకు రైళ్లు సేకరించేవారిలో చాలామంది కొంతకాలం గడిచాక ఒకటే ప్రశ్న అడుగుతారు. దుకాణంలో అమ్ముడైన రైలు ఇక చాలు, దానికి ముందు ఫ్యాక్టరీలో తయారైన నమూనా (ప్రోటోటైప్) కావాలి, దాన్ని ఎలా వెతకాలి, ఎలా నమ్మాలి అని. వరంగల్, కాజీపేట, కరీంనగర్, మంచిర్యాల వైపు నుంచి ఈ మధ్య ఈ ప్రశ్న మరీ ఎక్కువగా వినిపిస్తోంది. అందుకే మొదటి నుంచి చివరి దాకా, చేయాల్సిన వరుసలోనే రాస్తున్నాను.

ఒక మాట ముందే చెప్పాలి. ప్రోటోటైప్ కొన్నప్పుడు మీరు డబ్బు పెట్టేది రుజువుకు. రుజువు లేని ప్రోటోటైప్ అంటే అక్షరాలు లేని, రంగు తేడా ఉన్న, సగం పూర్తయిన బొమ్మ. కింది దశలన్నీ ఆ రుజువును పట్టుకోవడం కోసమే.

## 1. ఏది ఏమిటో తేల్చుకోండి

రేకు రైలు దుకాణానికి చేరేలోపు ఫ్యాక్టరీలో ఎన్నో రూపాలెత్తుతుంది. అమ్మేవారు అన్నిటినీ కలిపి ప్రోటోటైప్ అనేస్తారు. వీటి ధరలూ వేరు, పరీక్షలూ వేరు.

- చేతి నమూనా: డైలు (రేకును ఒకే ఆకారంలో కోసే, వంచే ఉక్కు అచ్చులు) తయారు కాకముందు పనివాడు రేకు, ఇత్తడి, ఒక్కోసారి కర్ర వాడి చేత్తో చేసినది.
- రంగు నమూనా: ఆకారం ఖరారయ్యాక ఏ రంగు, ఏ అక్షరాలు బాగుంటాయో చూడటానికి పూసినది.
- పరీక్ష రేకు: లితో ముద్రణ (రేకు మీద నేరుగా రంగులు అచ్చువేసే పద్ధతి) సరిగా పడిందో లేదో చూసేందుకు తీసిన చదును రేకు. కోయలేదు, మడవలేదు. రంగులు ఒకదానిపై ఒకటి సరిగా కూర్చున్నాయో చూసే గురి గుర్తులు అంచుల్లో ఉంటాయి.
- పైలట్ మోడల్: అసలు డైలతో, అసలు రేకుతో, పూర్తిస్థాయి తయారీకి ముందు కొద్ది సంఖ్యలో తీసినది.
- కేటలాగు నమూనా: ఫొటో కోసం సిద్ధం చేసినది. కెమెరాకు కనిపించే వైపు మాత్రమే పూర్తయి ఉండవచ్చు.
- అమ్మకాల నమూనా: కంపెనీ ప్రతినిధి వ్యాపారులకు చూపించడానికి వెంట తీసుకెళ్లినది. చాలావరకు మామూలు మార్కెట్ మోడలే. దానికి కట్టిన చీటీయే తేడా.

ఈ జాబితాలోకి రానివి రెండున్నాయి. ఒకటి, తయారీలో తప్పుపోయిన వస్తువు: అచ్చు పక్కకు జరిగినది, ఒక రంగు పడనిది. రెండు, ఫ్యాక్టరీ పనివారు సొంతానికి విడిభాగాలు కలిపి చేసుకున్నది. రెండూ ఆసక్తికరమైనవే, సేకరించదగ్గవే. వాటికి ప్రోటోటైప్ ధర మాత్రం ఇవ్వకండి.

## 2. ఒక తయారీదారును, ఒక కాలాన్ని ఎంచుకోండి

అన్ని కంపెనీల నమూనాలూ కొంటానంటే ఏ కంపెనీదీ తెలియకుండా పోతుంది. లివర్‌పూల్ బిన్స్ రోడ్డులో మెకానో కంపెనీ 1920 నుంచి చేసిన హార్న్‌బీ ఓ గేజ్ రైళ్లు, అమెరికాలో లయనెల్ 1906 నుంచి 1940 వరకు తయారుచేసిన స్టాండర్డ్ గేజ్ రైళ్లు, జర్మనీలో గోపింగెన్‌కు చెందిన మార్క్లిన్, న్యూరెంబర్గ్‌కు చెందిన బింగ్. వీటిలో ఒకటి తీసుకోండి. అందులోనూ ఒక దశాబ్దానికి పరిమితం కండి.

తర్వాత చేయాల్సిన పని చాలామందికి విసుగు పుట్టిస్తుంది. ఆ కాలపు మామూలు మార్కెట్ మోడళ్లను కొని చేత్తో పట్టుకుని చదవాలి. పెట్టె లేకపోయినా, రంగు పోయినా, చక్రం విరిగినా పరవాలేదు. చవకగా వచ్చే అలాంటి బండ్లు నాలుగైదు మీ దగ్గర ఉండి తీరాలి. మార్కెట్ మోడల్‌లో రంధ్రం ఎక్కడ ఉంటుందో తెలియనివారికి, నమూనాలో ఆ రంధ్రం అర సెంటీమీటరు పక్కన ఉందన్న సంగతి కనిపించదు.

పట్టాల మధ్య కొలతలు గుర్తుంచుకోండి: ఓ గేజ్ 32 మిల్లీమీటర్లు, గేజ్ ఒకటి 45, లయనెల్ స్టాండర్డ్ గేజ్ 54. చక్రాల మధ్య దూరం కొలిస్తే అమ్మేవారు చెప్పిన కంపెనీ, కాలం పొసగుతాయో లేదో మొదటి నిమిషంలోనే కొంత తేలిపోతుంది.

కంపెనీ కేటలాగుల నకళ్లు కూడా సంపాదించండి. కేటలాగు బొమ్మలు తరచు డైలు పూర్తికాకముందే చేతి నమూనాను చూసి వేసినవో, ఫొటో తీసి దిద్దినవో అయివుంటాయి. అందుకే కేటలాగు బొమ్మకూ దుకాణానికి వచ్చిన బండికీ కిటికీల సంఖ్యలో, పొగగొట్టం ఎత్తులో, అక్షరాల చోటులో తేడాలు కనిపిస్తాయి. ఆ తేడాలన్నీ ఒక నోటుబుక్కులో రాసిపెట్టుకోండి. ఎప్పుడో ఒకనాడు కేటలాగు బొమ్మతో సరిపోయి, మార్కెట్ మోడల్‌తో సరిపోని బండి ఎదురైతే, ఆ నోటుబుక్కు విలువ అప్పుడు తెలుస్తుంది.

## 3. పరికరాలు సిద్ధం చేసుకోండి

- పది రెట్లు పెద్దగా చూపే భూతద్దం. గడియారాలు బాగుచేసేవారు కంటికి తగిలించుకునేది సరిపోతుంది.
- డిజిటల్ వెర్నియర్ కాలిపర్ (మందం, వెడల్పు కచ్చితంగా కొలిచే పరికరం).
- దారానికి కట్టిన చిన్న అయస్కాంతం. తగరం పూత రేకు లోపల ఉక్కే కాబట్టి అంటుకుంటుంది. ఇత్తడి, సీసం, జింకు మిశ్రమం అంటుకోవు.
- పక్క నుంచి వాలుగా వెలుతురు వేయడానికి సన్నని టార్చి.
- నోట్లు పరీక్షించే అతినీలలోహిత టార్చి.
- నైట్రైల్ చేతి తొడుగులు. నూలు తొడుగులతో రేకు జారుతుంది, మడతల్లో దారాలు చిక్కుకుంటాయి.
- మెత్తని బ్రష్షు, తెల్లని ఫ్లానెల్ గుడ్డ, స్కేలు, కెమెరా ఉన్న ఫోను.

స్క్రూడ్రైవర్ ఈ జాబితాలో లేదు. పరీక్షకు అది అవసరం లేదు.

## 4. పరీక్ష: ఈ వరుస తప్పకండి

ముందు అంచులు, తర్వాత కొలతలు, ఆ తర్వాత రంగు, మడత నాలుకలు, చక్రాలు, స్క్రూలు. చీటీలు, కాగితాలు అన్నిటికన్నా చివర. చాలామంది చీటీతో మొదలుపెడతారు. చీటీ చదివాక కన్ను దాన్ని నిజం చేసే గుర్తులనే వెతుకుతుంది.

### 4.1 అంచులు

పరీక్షలో సగం ఇదే. టెండర్ (ఇంజను వెనక ఉండే బొగ్గు, నీళ్ల బండి) పక్క రేకు అడుగు అంచును భూతద్దం కింద ఈ చివర నుంచి ఆ చివర దాకా నెమ్మదిగా చూడండి. ప్రెస్ కింద డై కోసిన అంచు పొడవునా ఒకేలా ఉంటుంది. ఒక వైపు కాస్త గుండ్రంగా వంగి, రెండో వైపు సన్నని గరుకు లేచి ఉంటుంది. రేకు కత్తెరతో కోసిన అంచు తీరు వేరు. కత్తెర మూసి, తెరిచి, ముందుకు జరిపిన ప్రతిచోటా చిన్న మెట్టు పడుతుంది. పనివాడు ఆ మెట్లను ఆకురాయితో అరగదీస్తే అంచుకు అడ్డంగా సన్నని గీతలు మిగులుతాయి.

కిటికీల లోపలి మూలలు తప్పకుండా చూడండి. ఆకురాయి అక్కడ సరిగా అందదు. చేతి నమూనా అయితే మెట్టో, ఉలి గాటో ఆ మూలలో మిగిలిపోతుంది.

తర్వాత రేకు లోపలి వైపు చూడండి. పనివాడు గీతసూదితో కొలత గీసుకుని ఆ గీత మీద కోస్తాడు, వంచుతాడు. మడత లోపల వెంట్రుక మందాన ఆ గీత కనిపిస్తుంది. గీత రంధ్రాన్ని దాటి కాస్త అవతలికి సాగితే అది చేతి పనికి మంచి గుర్తు. వాడకుండా వదిలేసిన రంధ్రం, మాటు వేసి పూడ్చిన రంధ్రం ఇంకా మంచివి. ఆలోచన మారినప్పుడు మిగిలే ఆనవాళ్లవి.

ఈ తేడా చదివితే కంటికి పట్టదు, చూడాలి. వరంగల్ నుంచి హైదరాబాద్ వెళ్లే దారిలో, జనగామ దగ్గర పెంబర్తి ఉంది. అక్కడ ఇత్తడి రేకు పనివారి పక్కన ఒక పూట కూర్చోండి. రేకు మీద గీత ఎలా గీస్తారో, ఉలి దెబ్బకు వెనకవైపు ఎలా ఉబ్బుతుందో, అంచు ఎలా అరగదీస్తారో గమనించండి. తర్వాత ఏదైనా ప్రెస్ కోసిన డబ్బా మూత పక్కన పెట్టుకుని చూడండి. మీ కన్ను మారిపోతుంది. ఈ విషయంలో లండన్‌లో కూర్చున్న సేకర్త కన్నా మనకే సౌకర్యం ఎక్కువ.

### 4.2 కొలతలు

డైతో తీసిన భాగాలు ఒకదానికొకటి సరిగ్గా సరిపోతాయి. చేతి పనిలో కుడి ఎడమల మధ్య కాస్తయినా తేడా ఉంటుంది. ఎడమ పక్క కిటికీ వెడల్పు, కుడి పక్క కిటికీ వెడల్పు, రెండు చివర్ల ఎత్తు, ఇరుసు రంధ్రాల మధ్య దూరం కొలిచి రాయండి. ప్రతి కొలతా మూడేసి సార్లు తీయండి.

రేకు మందం కూడా కొలవండి. బొమ్మ రైళ్లకు వాడే రేకు సాధారణంగా అర మిల్లీమీటరుకు లోపే ఉంటుంది. అదే కాలపు మార్కెట్ మోడల్ మందంతో పోల్చండి. పైలట్ మోడల్‌లో మందం ఒకేలా ఉండాలి. చేతి నమూనాలో తేడా ఉన్నా తప్పుపట్టనక్కరలేదు.

### 4.3 రంగు, ముద్రణ

లితో రేకును చదునుగా ఉన్నప్పుడే ముద్రించి, ఆరబెట్టి, తర్వాత డైతో కోసి మడుస్తారు. కాబట్టి కోసిన అంచు మీద రంగు ఉండకూడదు, ఉక్కు మెరుపో, తుప్పో కనిపించాలి. ఆకారం తయారయ్యాక ఎనామిల్ పూసిన బండిలో రంగు అంచును కప్పి లోపలికి తిరుగుతుంది. ఈ ఒక్క సూత్రంతోనే ఎన్నో తప్పుడు వర్ణనలను పక్కన పెట్టవచ్చు.

లితోగా రావాల్సిన బండి చేతి రంగుతో దొరికితే అది నమూనా కావచ్చు. వాలు వెలుతురులో కుంచె గీతలు, అక్షరాల కింద పెన్సిల్ గీతలు, ఒకే అక్షరం రెండుచోట్ల రెండు రకాలుగా ఉండటం చూడండి. యంత్రం ముద్రించిన 'ఆర్' అన్నిచోట్లా ఒకటే. చేయి రాసిన 'ఆర్' ప్రతిసారీ కొద్దిగా మారుతుంది.

### 4.4 మడత నాలుకలు

రేకు భాగాలను కలిపేది సన్నని నాలుకలు. వాటిని చీలికలోకి దూర్చి వంచుతారు. ఒకసారి వంచిన నాలుకకు ఒకే మడత ఉంటుంది. విప్పి మళ్లీ వంచితే రెండో మడత పడుతుంది, మడత మీద పూత పగులుతుంది, ఒక్కోసారి నాలుకే విరుగుతుంది. రెండో మడత కనిపించిందంటే ఆ బండిని ఎవరో విప్పారు. ఎందుకు విప్పారో అమ్మేవారు చెప్పగలగాలి.

### 4.5 చక్రాలు, స్క్రూలు

నక్షత్రంలాంటి గాడి ఉన్న ఫిలిప్స్ స్క్రూలు 1930ల మధ్యలో వాడుకలోకి వచ్చాయి. 1925 నాటి నమూనా అని చెప్పిన బండిలో అవి ఉంటే ఆగి ఆలోచించండి. జింకు మిశ్రమంతో పోతపోసిన 1930ల చక్రాలు ఉబ్బి, పగిలి, పొడిపొడిగా రాలడం మామూలే. ఆ మిశ్రమంలో సీసం వంటివి కలిసినందువల్ల వచ్చే జబ్బది. కాబట్టి చక్రాలు మార్చి ఉండటం దానంతటదే మోసం కాదు. ఆ సంగతి దాచి అమ్మడమే మోసం.

### 4.6 చీటీలు, కాగితాలు

ఫ్యాక్టరీ చీటీలు సాధారణంగా దారంతో కట్టిన అట్ట ముక్కలు. నమూనా సంఖ్య, డ్రాయింగ్ సంఖ్య, తేదీ, సంతకం లాంటివి ఉండవచ్చు. చీకటి గదిలో అతినీలలోహిత టార్చి వేయండి. కాగితాన్ని తెల్లగా మెరిపించే రసాయనాల వాడకం 1950ల నుంచి పెరిగింది. 1930 నాటిదని చెప్పే చీటీ నీలి తెలుపుగా వెలిగిపోతే అది ఆ కాలానిది కాదు. వెలగలేదంటే పాతదని తేలినట్టు కాదు. పాత కాగితం ఇప్పటికీ దొరుకుతుంది.

పరీక్ష ముగిశాక అడగాల్సినవి

- ఒకదానితో ఒకటి సంబంధం లేని గుర్తులు కనీసం మూడు దొరికాయా? ఉదాహరణకు అంచు, కొలత, అక్షరాలు.
- అమ్మేవారి కథకు అడ్డు తగిలే గుర్తు ఒక్కటైనా ఉందా? ఉంటే దానికి వివరణ దొరికిందా?
- ఇదే బండి మార్కెట్ మోడల్‌ను పక్కన పెట్టి చూశానా, లేక ఫొటోతోనే సరిపెట్టుకున్నానా?

మూడో ప్రశ్నకు జవాబు "ఫొటోతోనే" అయితే కొనడం వాయిదా వేయండి.

## 5. ఎక్కువగా జరిగే పొరపాట్లు, వాటికి మందు

చేతి పనంతా ప్రోటోటైప్ అనుకోవడం. తొలినాళ్ల జర్మన్ రైళ్లను మార్కెట్‌కు కూడా చేత్తో మాటువేసి, చేత్తో రంగువేసి పంపేవారు. 1920 నాటి తొలి హార్న్‌బీ రైళ్లు మెకానో పద్ధతిలో నట్లు, బోల్టులతో బిగించి వచ్చాయి. ఈ రెండిటినీ చూసి నమూనా అని మురిసిపోయేవారున్నారు. మందు: ఆ కంపెనీ ఆ ఏడాది మార్కెట్ మోడల్‌ను ఎలా తయారుచేసిందో ముందు తెలుసుకోండి.

ఔత్సాహికుడి పనిని ఫ్యాక్టరీ పనిగా పొరబడటం. కాజీపేట లాంటి రైల్వే ఊళ్లో ఇది ముఖ్యం. లోకో షెడ్లలో పనిచేసినవారికి రేకు, ఇత్తడి, మాటు పని కొట్టిన పిండి. అలాంటివారు తీరికవేళల్లో చేసుకున్న ఇంజను ఏ కంపెనీ పోలికలూ లేకుండా, అద్భుతంగా ఉండవచ్చు. దాన్ని విదేశీ నమూనాగా అమ్మజూపితే కొనకండి. చేసినవారి పేరు, పని వివరాలతో సహా దొరికితే మాత్రం తప్పక కొనండి. నా దృష్టిలో మన ప్రాంతపు సేకరణకు అంతకుమించిన వస్తువు లేదు.

రంగు మార్చిన మామూలు బండిని రంగు నమూనాగా నమ్మడం. మోసాల్లో ఎక్కువగా ఎదురయ్యేది ఇదే. మామూలు బండి రంగు గీకి, వింత రంగు పూసి, పాతబడినట్టు చేస్తారు. పట్టుకునే దారులు ఇవి:

- వాలు వెలుతురులో కొత్త రంగు కింద పాత అక్షరాల నీడ కనిపిస్తుందా?
- తుప్పు గుంటల లోపలికి రంగు దిగిందా? దిగితే తుప్పు ముందు, రంగు తర్వాత.
- చక్రాల వెనక, ఇరుసు రంధ్రాల్లో, నాలుకల కింద పాత రంగు మిగిలిందా?
- మడతల సందుల్లో రంగు తీసే రసాయనం వదిలిన బూడిదరంగు మరక ఉందా?
- తుప్పు అంతటా ఒకే నారింజ రంగులో, వేలితో రుద్దితే అంటేలా ఉందా? పాత తుప్పు ముదురు గోధుమ రంగులో గట్టిగా ఉంటుంది.

అసంపూర్తి బండిని పూర్తిచేయడం. నమూనాకు పొగగొట్టం లేదని కొత్తది చేయించి అతికించడం, అక్షరాలు లేవని రాయించడం. దీనికి మందు లేదు. చేయకండి.

ఇంట్లోవారు శుభ్రం చేయడం. ఇత్తడి కనిపిస్తే చింతపండు పెట్టి తోమడం మన ఇళ్లలో అలవాటు. ఇత్తడి నమూనా మీద గీతసూది గీతలు, పెన్సిల్ అంకెలు ఒక్క తోముడుతో పోతాయి. బండి ఇంటికి వచ్చిన రోజే అందరికీ చెప్పండి.

## 6. ఎక్కడ వెతకాలి

ఉత్తర తెలంగాణలో విదేశీ రేకు రైళ్ల నమూనాలు వీధిలో దొరకవు. ఆ ఆశతో తిరిగితే కాలం వృథా. ఇక్కడ దొరికేవి వేరే: పాత ఇళ్ల అటకల మీది మార్కెట్ మోడళ్లు, మన దేశంలో తయారైన రేకు బొమ్మలు, రైల్వే కుటుంబాల్లో ఎవరో చేత్తో చేసుకున్న ఇంజన్లు. కాజీపేట రైల్వే క్వార్టర్లలో, వరంగల్ పాత బొమ్మల దుకాణాల్లో పరిచయాలు పెంచుకోండి. హైదరాబాద్ జుమ్మేరాత్ బజార్, ముంబయి చోర్ బజార్ కంటికి పని నేర్పడానికి మంచి చోట్లు.

విదేశీ నమూనాలు ప్రధానంగా బ్రిటన్, జర్మనీ, అమెరికా వేలం సంస్థల ద్వారా వస్తాయి. కొనేముందు సందేహాలు తీర్చుకోవడానికి అమెరికాలో 1954లో ఏర్పడిన ట్రెయిన్ కలెక్టర్స్ అసోసియేషన్, బ్రిటన్‌లో 1969లో ఏర్పడిన హార్న్‌బీ రైల్వే కలెక్టర్స్ అసోసియేషన్ లాంటి సంఘాల్లో చేరండి. సభ్యత్వ రుసుము ఒక చెడ్డ కొనుగోలుతో పోలిస్తే ఏమీ కాదు.

వేలం సంస్థకు ముందే రాసి ఈ ఫొటోలు అడగండి: అడుగు భాగం, లోపలి వైపు, రెండు పక్కల కిటికీ మూలలు దగ్గరగా, నాలుకలు, స్క్రూలు, చీటీ ముందు వెనకలు. పంపడానికి ఇష్టపడకపోతే ఆ బండిని వదిలేయండి.

## 7. డబ్బు, కస్టమ్స్, చట్టం

వేలంలో పలికిన ధర మీరు చెల్లించే ధర కాదు. కాగితం మీద లెక్క వేయండి. బండి 40,000 రూపాయలకు పలికిందనుకుందాం. వేలం సంస్థ తీసుకునే కొనుగోలుదారు రుసుము 25 శాతం అయితే 10,000. ప్యాకింగు, రవాణా, బీమా మరో 10,000. మొత్తం 60,000. బొమ్మల మీద ప్రాథమిక కస్టమ్స్ సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచారు. 70 శాతం లెక్కన 42,000. దీనిపై సర్‌చార్జి, ఐజీఎస్టీ (దిగుమతులపై వేసే జీఎస్టీ) వేరే. నలభై వేల బండి లక్ష దాటింది. రేట్లు బడ్జెట్‌తో మారుతుంటాయి కాబట్టి వేలానికి ముందు కస్టమ్స్ బ్రోకరును అడిగి ఆనాటి రేటు తెలుసుకోండి.

అదే బ్రోకరును మరో రెండు విషయాలు అడగాలి. వాడిన వస్తువుల దిగుమతిపై మన దేశంలో ఆంక్షలున్నాయి. 14 ఏళ్లలోపు పిల్లల బొమ్మలకు 2021 జనవరి 1 నుంచి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) గుర్తు తప్పనిసరి. పిల్లలు ఆడుకోవడానికి కాని సేకరణ వస్తువును ఏ వర్గం కింద, ఏ పత్రాలతో తేవాలో రాతపూర్వకంగా తెలుసుకున్నాకే వేలంలో చేయెత్తండి. పార్శిల్ మీద వర్ణన పూర్తిగా, నిజంగా ఉండాలి. ధర తగ్గించి రాయమని ఎవరినీ అడగకండి. పట్టుబడితే బండి పోతుంది, దారిలో విరిగితే బీమా కూడా రాదు.

మరొకటి. 1972 నాటి పురావస్తువుల చట్టం నూరేళ్లు నిండిన వస్తువులను లెక్కలోకి తీసుకుంటుంది. అలాంటి పురావస్తువులను ప్రైవేటు వ్యక్తులు దేశం దాటించడానికి వీల్లేదు. 1920ల రైళ్లు ఇప్పుడు ఆ గీత దాటుతున్నాయి. రేపు విదేశీ వేలంలో అమ్ముకుందామన్న లెక్కతో కొనేవారు భారత పురావస్తు సర్వేక్షణ సంస్థ హైదరాబాద్ సర్కిల్‌ను ముందే సంప్రదించాలి.

## 8. ఇంటికి చేరిన రోజు

పార్శిల్ తెరవడం మొదలు నుంచి వీడియో తీయండి. పెట్టె లోపలి కాగితాలు, దారాలు, చీటీలు ఏవీ పారేయకండి. బయటి చల్లని గోదాము నుంచి వచ్చిన పెట్టెను వర్షాకాలంలో వెంటనే విప్పితే రేకు మీద చెమ్మ పడుతుంది. పెట్టెను గదిలో ఒక రాత్రి ఉంచి తెరవండి.

- పొడి బ్రష్షుతో దుమ్ము మాత్రమే తీయండి. నీళ్లు, సబ్బు, కొబ్బరినూనె, లోహాలు మెరిపించే పేస్టులు, తుప్పు వదిలించే స్ప్రేలు వద్దు.
- కీ ఇచ్చి నడిపే బండి అయితే కీ తిప్పకండి. పాత స్ప్రింగు తెగితే లోపలి రేకును చీల్చుతుంది.
- కరెంటు బండి అయితే ప్లగ్గులో పెట్టకండి. అమెరికా ట్రాన్స్‌ఫార్మర్లు సుమారు 110 వోల్టులకు చేసినవి, మన 230 వోల్టులకు కాలిపోతాయి. 1925 నాటి హార్న్‌బీ మెట్రోపాలిటన్ లాంటి వాటిలో ఇంటి కరెంటు నేరుగా వాడే రకం ఉంది. అది ప్రాణాంతకం.
- పాత రంగుల్లో సీసం ఉంటుంది. చిన్నపిల్లలకు ఇవ్వకండి, పట్టుకున్నాక చేతులు కడుక్కోండి.

## 9. మన ఎండలో, మన వానలో నిల్వ

పాశ్చాత్య సేకర్తల సలహాలు ఇక్కడ సగమే పనికొస్తాయి. మేలో 43 డిగ్రీలు దాటే ఎండ, జూన్ నుంచి సెప్టెంబరు దాకా తడి గాలి. ఈ రెండిటి మధ్య మార్పే రేకును తింటుంది.

అన్నిటికన్నా ముందు: ఎయిర్ కూలర్ నడిచే గదిలో రైళ్లు పెట్టకండి. ఎండాకాలంలో గాలి పొడిగా ఉంటుంది, రేకుకు అది మేలే. కూలర్ ఆ గదిలోకి నెలల తరబడి తేమ కొడుతుంది. అందుకే వేసవిలో కూడా బండ్లకు తుప్పు పట్టవచ్చు.

- కర్ర అలమారా కన్నా స్టీలు బీరువా మేలు. కొన్ని రకాల కర్ర నుంచి వచ్చే ఆమ్ల ఆవిరికి సీసపు భాగాలు తెల్లగా పొడిబారతాయి.
- బీరువాను బయటి గోడకు, స్నానాల గది గోడకు ఆనించకండి.
- చిన్న తేమ మీటరు లోపల పెట్టండి. 40 నుంచి 50 శాతం మధ్య ఉంచడానికి ప్రయత్నించండి.
- సిలికా జెల్ నారింజ రంగు గింజలు వాడండి. రంగు మారగానే ఓవెన్‌లో వేడిచేసి ఆరబెట్టి మళ్లీ వాడవచ్చు.
- నాఫ్తలీన్ ఉండలు బీరువాలో వేయకండి. వాటి ఆవిరి కొన్ని రంగులను, ప్లాస్టిక్‌ను మెత్తబరుస్తుంది.
- బబుల్ ర్యాప్, పీవీసీ కవర్లు రంగుకు తగలకూడదు. మన వేడికి బుడగల గుండ్రని ముద్రలు రంగు మీద శాశ్వతంగా పడతాయి. ఆమ్లరహిత టిష్యూ కాగితం చుట్టి, అట్టపెట్టెలో పెట్టండి. న్యూస్‌పేపర్ వద్దు.

జింకు జబ్బు పట్టిన చక్రం ఉన్న బండిని కదిలించకుండా, బరువు చక్రాల మీద పడకుండా కింద దూది దిమ్మె పెట్టి నిలపండి. పగిలిన ముక్కలు రాలితే కవర్లో వేసి బండితోపాటే ఉంచండి.

జూన్ మొదటి వారంలో ఒకసారి, అక్టోబరులో ఒకసారి ప్రతి బండినీ తీసి మడతలు, అడుగు భాగం చూడండి. కొత్త తుప్పు చుక్క కనిపిస్తే ఫొటో తీసి, తేమ మీటరు చూసి, చోటు మార్చండి. గీకకండి.

## 10. రికార్డు

ప్రతి బండికీ ఒక సంఖ్య ఇవ్వండి. ఆ సంఖ్యను బండి మీద రాయకుండా, దారంతో కట్టిన చీటీ మీద రాయండి. ఫ్యాక్టరీ చీటీకి మీ చీటీ తగలకూడదు. ఒక్కో బండి ఫైలులో ఉండాల్సినవి:

- స్కేలు పక్కన పెట్టి తీసిన ఆరు వైపుల ఫొటోలు, అడుగు, లోపలి వైపు.
- నాలుగో దశలో రాసిన కొలతలు, మీరు గమనించిన గుర్తులు, వాటికి అడ్డు తగిలే గుర్తులు కూడా.
- ఎవరి నుంచి కొన్నారు, వారికి ఎలా వచ్చింది. అమ్మినవారి సంతకం, తేదీతో ఒక పేజీ.
- బిల్లు, కస్టమ్స్ పత్రాలు, ఉత్తరాలు.
- మీ నిర్ణయం, అది ఎంత గట్టిదో: ఖాయం, బహుశా, తేలలేదు. "తేలలేదు" అని రాయడానికి వెనకాడకండి. కొత్త రుజువు దొరికితే కొత్త తేదీతో కింద రాయండి. పాత రాత కొట్టేయకండి.

ఫైలు నకలు ఇంకో ఇంట్లో ఉంచండి. బీరువా తలుపు లోపలి వైపు ఒక కాగితం అతికించండి. ఇవి పాత సామాను కాదని, బండిని దాని కాగితాల నుంచి విడదీసి ఎవరికీ ఇవ్వకూడదని, అమ్మాల్సి వస్తే ముందు ఎవరిని సంప్రదించాలో పేరు, ఫోను నంబరుతో సహా పెద్ద అక్షరాల్లో రాసి, ఇంట్లో కనీసం ఇద్దరికి చదివి వినిపించండి.